వెనక బెడ్‌రూమ్‌కి వైఫై: రెండో రూటర్‌ని కలిపే పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు అద్దెకుండే చాలా ఫ్లాట్లలో ఫైబర్ తీగ హాల్లో టీవీ దగ్గరే ఆగిపోతుంది. ఆఫీసు పని చేసుకునేదేమో వెనక బెడ్‌రూమ్‌లో. మధ్యలో రెండు కాంక్రీట్ గోడలు, ఓ ఇనప బీరువా. కాల్ తెగుతోందని 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300కి మార్చకండి, డబ్బు దండగ. గోడ దాటలేని సిగ్నల్ ప్లాన్ మారిస్తే మాత్రం దాటుతుందా?

వైఫై బలం చూపించే యాప్‌తో ఆ గదిలోనే కొలవండి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మైనస్ 65 డీబీఎం దాకా ఉంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దాటితే ఇబ్బందే.

చవగ్గా వస్తుందని రిపీటర్ (ఉన్న వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ వదిలే పెట్టె) కొంటారు. ఒకే రేడియోతో వినాలి, దానితోనే మాట్లాడాలి కాబట్టి అందులో స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. నా మాట వింటే హాలు నుంచి బెడ్‌రూమ్‌కి వైరు లాగి దాని చివర రెండో రూటర్ పెట్టండి. గోడకి కన్నం పెట్టడానికి ఓనరు ఒప్పుకోకపోతే చదునుగా ఉండే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ తెచ్చి గోడ వారగా, తలుపు కిందుగా తీసుకెళ్లొచ్చు. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం లాగొద్దు.

ఎక్కువమంది తడబడేది సెట్టింగుల్లో. పాస్‌వర్డ్ సరిపోయాక ఫోన్ ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు) అడుగుతుంది. దాన్ని ఇచ్చేది డీహెచ్‌సీపీ. ఇంట్లో ఆ పని ఒక్క పెట్టే చెయ్యాలి, అది ఫైబర్ వాళ్లు బిగించిన ఓఎన్‌టీ. రెండో రూటర్ కూడా సొంతంగా అడ్రస్‌లు పంచితే దాని వెనక వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. అప్పుడు ఇంటర్నెట్ వస్తుంది గానీ బెడ్‌రూమ్‌లోని ఫోన్‌కి హాల్లో టీవీ కనిపించదు.

రూటర్లో ఏపీ మోడ్ (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే సెట్టింగు) ఉంటే దాన్ని ఎంచుకుంటే చాలు. లేకపోతే ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలిపి, రూటర్ సెట్టింగుల పేజీ తెరిచి ముందు రూటర్ ఐపీ మార్చండి. ఓఎన్‌టీది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 ఇవ్వండి. ఓఎన్‌టీ పంచే అడ్రస్‌లు 200 దగ్గర ఆగేలా చూసుకోండి, లేకపోతే అదే నంబరు ఇంకో ఫోన్‌కి వెళ్లొచ్చు. కొత్త ఐపీతో మళ్లీ లాగిన్ అయ్యాకే డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపితే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ రాక ఆ పేజీ తెరుచుకోకపోవచ్చు. ఆఖర్న ఓఎన్‌టీ ల్యాన్ పోర్ట్ నుంచి రూటర్ ల్యాన్ పోర్ట్‌కి కేబుల్ పెట్టండి, వ్యాన్ పోర్ట్ (బయటి ఇంటర్నెట్ తీగ కోసం ఉండేది) ఖాళీగా వదిలెయ్యండి.

రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ పెట్టండి. ఛానల్ మాత్రం వేరుగా ఉండాలి: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో 36, 149. పక్క ఫ్లాట్ల రూటర్లు కిక్కిరిసిన అపార్ట్‌మెంట్లో 2.4కి 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే మీకూ వాళ్లకీ నష్టమే. గది మారినా ఫోన్ పాత రూటర్‌నే పట్టుకుని వేలాడుతుంటే హాల్లోదాని ట్రాన్స్‌మిట్ పవర్ మీడియంకి దించండి.

300 ప్లాన్ ఉన్నా కొత్త రూటర్ దగ్గర స్పీడు 94 దగ్గరే ఆగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. ఒక జత తెగినా లింకు 100కి దిగొచ్చు. రెండు చివర్లా కనెక్టర్లు మళ్లీ బిగించి చూడండి.

కరెంటు పోయినప్పుడు కాల్ నిలవాలంటే ఓఎన్‌టీకీ రూటర్‌కీ రెండింటికీ మినీ యూపీఎస్ కావాలి. కొనే ముందు అడాప్టర్ల మీద వోల్టు చదవండి: ఎక్కువగా 12, కొన్నిటికి 9. 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు.