సోనియా దెలోనే చూపిన దారిలో ఒక బొంత: పై పొర పేర్చడం అయింది

పర్లాకిమిడిలో మా వీధి టైలరు దగ్గర మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో మొదలుపెట్టిన బొంతకి పై పొర పేర్చడం అయింది. 1911లో సోనియా దెలోనే పారిస్‌లో తన పసికొడుకు కోసం కుట్టిన బొంత ఫొటో చూశాక పట్టుకున్న పని ఇది. యుక్రెయిన్‌లో పుట్టిన చిత్రకారిణి ఆమె. రైతుల ఇళ్లలో చూసిన బొంతల తీరునే ముక్కలు అతికింది. పువ్వు లేదు, పిట్ట లేదు, ఉత్త రంగులే. 1913లో అదే తీరున తనకో గౌను కుట్టుకుంది. 1920లలో బట్టల తయారీదారులకు డిజైన్లు గీసింది. ఇప్పుడు షాపుల్లో కనబడే రంగు పట్టీల కర్టెన్లు, అర్ధచంద్రాల దిండు గలీబులు చూస్తే నాకు ఆమే గుర్తొస్తుంది.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఆమె, భర్త రోబేర్ నమ్మిన రంగుల సూత్రం. అది షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పని ఆయన చేతిలో ఉండేది. నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే పరీక్షలు చేసి, లోపం రంగులో లేదు, పక్కనున్న నీలం, ఊదా పోగుల వల్ల అలా కనబడుతోందని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు.

అది నా కళ్లతో చూశాను. ఒడిశాలోని కోట్‌పాడ్‌లో నేసిన పాత ముక్క ఒకటుంది, తొగరు వేరుతో అద్దిన ముదురెరుపు. నారింజ పక్కన పెడితే మట్టిరంగులా చచ్చిపోయింది. ముదురాకుపచ్చ పక్కకి జరపగానే ఎర్రగా లేచింది! అందుకే ఏ ముక్కనీ విడిగా చూసి తీసెయ్యకండి. అంతా పరిచాక ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసుకోండి. ముదురూ లేతా ఎక్కడెక్కడ పడ్డాయో అందులో ఇట్టే తెలిసిపోతుంది.

"పిల్లల బొంతకి ఈ ముదురు రంగులేటమ్మా?" అంది అత్తయ్య. "అవి లేకపోతే లేతవి కనబడవు అత్తయ్యా" అన్నాను. కాసేపు చూసి, మీగడరంగు ముక్క ఒకటి తనే తీసి ముదురు నీలం పక్కన పెట్టింది. అది అక్కడే ఉంచేశాను.

ప్రతి ముక్కనీ తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూశాను. రంగు అంటితే పక్కకే. మిగతావి ఉతికి, ఇస్త్రీ చేసి కత్తిరించాను. కుట్టుకి అన్ని వైపులా పావు అంగుళం వదలాలి. బరంపురం పట్టు ముక్కలు జారిపోతాయి, వెనక సన్నటి ఫ్యూజింగ్ (వేడికి అంటుకునే గుడ్డ) వేసి ఇస్త్రీ చేస్తే మాట వింటాయి. అయినా పట్టు అంచులకే వాడాను, మధ్యలో పిల్లవాడి ఒరిపిడికి నిలవదు.

లోపలికి రెండు పాత నూలు చీరలు. ఇక మధ్య నుంచి బయటికి నాలుగంగుళాల ఎడంతో కచ్చా కుట్లు వేయాలి. పైన రన్నింగ్ కుట్టుకి తెల్లదారం ఆలోచన మానేశాను, ముదురు ముక్కల మీద అదొక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. బూడిదరంగు అన్నింటి మీదా ఒదిగింది, రెండు ఉండలు తెచ్చాను.