గడ్డిలో పిడుదులు, ఆవు మీద పిడుదులు: సర్వే ఎంతవరకు వచ్చిందంటే

వానలు మొదలైనప్పటి నుంచి మా ఊరి పాడి పాకల చుట్టూ, పశువుల రక్తం పీల్చే పిడుదుల లెక్క తీస్తున్నాను. చిత్తూరు జిల్లా పడమటి వైపు ఇంటికి రెండు మూడు జెర్సీ సంకరజాతి ఆవులుండటం మామూలే. నాటు ఆవుల కంటే వీటికి ఈ పిడుదులు (గోమార్లు) బాగా పడతాయి. జ్వరమొచ్చి, మేత మానేసి, పాలు తగ్గితే గానీ ఎవరూ పట్టించుకోరు. ఏ జాతి పిడుదు ఎక్కడ దొరుకుతోంది, ఏ బ్యాక్టీరియా కోసం దేన్ని పరీక్షకు పంపాలి అన్నదే నా పని.

గడ్డిలో పట్టడానికి కావాల్సింది మీటరు పొడవు, మీటరు వెడల్పు తెల్ల ఫ్లానెల్ గుడ్డ. ముందు అంచుకు కర్ర, వెనక అంచుకు బరువు కోసం సైకిల్ చైను ముక్క కుట్టించాను. మంచు ఆరిన తర్వాతే బయల్దేరాలి. తడిసిన గుడ్డకు ఏమీ అంటుకోవు. గట్ల మీద, పాక నుంచి మేత బీడుకు వెళ్లే దారి పొడవునా మెల్లగా ఈడుస్తూ, పది మీటర్లకోసారి తిరగేసి చూడాలి. "ఏమి సార్, దుప్పటి ఈడ ఆరేస్తా ఉండారే?" అని గొర్రెలాయన ఆటపట్టించాడు కానీ, గుడ్డ మీద ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు నడవడం చూశాక ఆయనే పక్కన కూర్చున్నాడు. ఆరు కాళ్లుంటే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల, ఎనిమిదుంటే నింఫో (పిల్లకూ పెద్దదానికీ మధ్య దశ) పెద్దదో. సెల్లోటేపుతో ఎత్తితే పరుగెత్తవు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవడం మాత్రం మరవద్దు.

గుడ్డకు దాదాపు అన్నీ పిల్లలే చిక్కుతున్నాయి. దానికి కారణముంది. పశువుల మీద ఎక్కువగా కనిపించే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు ఒక్క ఆవు మీదే పెరిగి పెద్దదవుతుంది. పిల్లగా ఎక్కింది, సుమారు మూడు వారాల తర్వాత రక్తం తాగి ఉబ్బి నేల రాలుతుంది, వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కాబట్టి పెద్దవి కావాలంటే ఆవునే వెతకాలి: పొదుగు, చెవుల లోపల, తోక కింద, గంగడోలు. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. వేళ్లతో నలపకూడదు. ఎందుకంటే 2011లో గుజరాత్‌లో బయటపడిన, మనుషుల ప్రాణం తీయగల కాంగో జ్వరం వైరస్‌ను హయలోమా జాతి పిడుదులు మోస్తాయి. ఆ జాతి మన పాకల్లోనూ ఉంటుంది.

గుర్తుపట్టడానికి నలభై రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు చాలు. మైక్రోప్లస్ నోటి భాగాలు పొట్టిగా ఉంటాయి, తల మొదలు భాగం ఆరు మూలలుగా కనిపిస్తుంది, మగదానికి వెనక చిన్న తోకలాంటి మొన ఉంటుంది. హయలోమాకు నోరు పొడుగు, కాళ్లకు తెల్ల పట్టీలు. హీమాఫైసాలిస్ అనే ఇంకో జాతికి నోటి పక్కనున్న పాల్పులు బయటికి విరుచుకుని ఉంటాయి, కళ్లుండవు. హయలోమా గోడ పగుళ్లలో దాక్కుంటుంది. ఒక పాక మట్టిగోడ సందులో టార్చి వేస్తే, చారల కాళ్లు వరుసగా కదిలాయి. గుడ్డ ఈడ్చే పద్ధతికి ఇవి సాధారణంగా అందవు.

ఇక బ్యాక్టీరియా. పశువులకు జబ్బు తెచ్చే అనాప్లాస్మా మార్జినాలే, కుక్క పిడుదు మోసి మనుషులకు జబ్బు తెచ్చే రికెట్సియా కోనోరీ, ఈ రెండింటి మీదే నా దృష్టి. రికెట్సియా తల్లి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వెళ్తుంది. అనాప్లాస్మా మాత్రం సాధారణంగా అలా వెళ్లదు. ఒక ఆవు మీది నుంచి ఇంకో ఆవు మీదికి మారే మగ పిడుదులే దాన్ని ఎక్కువగా అంటిస్తాయి. కాటేసే ఈగలు, మంద మొత్తానికి వాడే ఒకే సూదీ తోడవుతాయి. అందుకే గడ్డిలో దొరికిన పిల్లల్లో అనాప్లాస్మా లేదని తేలినా, ఆ పాకకు జబ్బు లేదని చెప్పలేం. ఇక రక్తంతో ఉబ్బిన ఆడదాంట్లో అనాప్లాస్మా డీఎన్‌ఏ కనిపిస్తే, అది ఆవు రక్తంలోదే కావచ్చు. దాని మీద ఆధారపడి పిడుదును నిందించడం తొందరపాటు. ఆవు మీది నుంచి తీసిన మగవాటికి విడిగా సీసా పెట్టడం అందుకే.

డీఎన్‌ఏ పరీక్షకు 95 శాతం ఆల్కహాల్ వాడాలి, ఫార్మలిన్ వద్దు. రూపం చూసుకోడానికైతే 70 శాతం చాలు. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి, ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది. చీటీ మీద తేదీ, పాక గుర్తు, పశువు, ఒంటి మీద చోటు, గుడ్డ ఈడ్చిన దూరం రాస్తున్నాను. పిల్లల్ని ఒకే చోటివి కలిపి ఒక సీసాలో వేస్తున్నాను. ఆ సీసాలో రికెట్సియా కనబడితే కనీసం ఒకదానికైనా ఉందని అర్థం, ఎంత శాతమో దాన్నుంచి తేలదు.

ప్రస్తుతం డిగ్రీ కాలేజీలో పనిచేసే మిత్రుడు పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏను పట్టే పరీక్ష) చేయించే వీలు చూస్తున్నాడు. ఈలోగా జ్వరమొచ్చిన ఆవుకు పశువైద్యుడు చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి స్లైడు మీద పూస్తారు. గీమ్సా రంగు వేశాక ఎర్ర రక్తకణం అంచున ముదురు చుక్కలు కనిపిస్తే అనాప్లాస్మా అనుమానం గట్టిపడుతుంది. తర్వాత పాక కుక్క చెవులు చూడాలి, రికెట్సియా సంగతి అక్కడే.