పెరట్లో లైట్లు: కాలువకి నీళ్లొచ్చేలోపు

కోనసీమలో మాది పంటకాలువకి నాలుగిళ్ల అవతల ఇల్లు. వెనక ఏడు సెంట్ల పెరడు. ఆరు కొబ్బరిచెట్లు, ఒక పనస, కడియం నర్సరీల నుంచి తెచ్చిన నందివర్ధనాలు, క్రోటన్లు. చీకటి పడ్డాక అటు వెళ్లాలంటే సెల్లు టార్చే దిక్కు. ఈ వేసవిలో దాని సంగతి తేల్చేద్దామనుకున్నాను.

వేసవే ఎందుకంటే, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలితే మా పెరట్లో ఊట పైకొచ్చేస్తుంది. మొన్న పలుగుతో రెండడుగులు తవ్వి చూశాను, అడుగున కాస్త తడి మట్టి, అంతే. వానాకాలంలో అదే చోట అడుగున్నర తవ్వితే నీళ్లు. మా అమ్మ వచ్చి చూసి, "ఎలాగూ తవ్వావుగా, ఓ కొబ్బరిమొక్క పెట్టెయ్ రా" అంది.

230 వోల్టుల తీగని ఈ తడి నేలలో పాతే ధైర్యం నాకు లేదు. అందుకే 12 వోల్టుల లైట్లు. ఒక్కోటి 3 వాట్లు, మొత్తం ఎనిమిది, అంటే 24 వాట్లు, 2 ఆంపియర్లు. 230ని 12 వోల్టులకి దించే పెట్టె, అంటే డ్రైవర్, వరండాలోనే ఉంటుంది. అక్కడి పాత సాకెట్ విప్పి చూస్తే ఎర్త్ తీగే లేదు. ఇన్నేళ్లూ ఆ మూడో కన్నం అలంకారానికే ఉందన్నమాట! ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) బిగించాకే మిగతా పని.

తవ్వేముందు ఇంట్లో ఉన్న 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగని నేల మీదే పరిచి లైట్లు తగిలించాను. వరండా దగ్గర 12 ఉంటే, 25 మీటర్ల అవతల చివరి లైటు దగ్గర మల్టీమీటర్ 10.9 చూపించింది. లైటు వెలుగుతోంది గానీ నీరసంగా. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ 1.1 వోల్టుల నష్టం 0.45 దగ్గరికి తగ్గాలి. ఖర్చు ఎక్కువే, అయినా అదే తెస్తున్నాను. తీగని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులో దూర్చి పాతుతాను. పందికొక్కుల పళ్లకి పైపు ఆగుతుందన్న నమ్మకమేమీ లేదు, కాకపోతే తీగ మార్చాల్సొస్తే మళ్లీ తవ్వక్కర్లేదు.

కొబ్బరిచెట్ల మొదట్లో లైటు పెట్టి పైకి కొడితే భలే ఉంటుందని ఒకటి గుచ్చి చూశాను. మూడో రోజు పొద్దున లేచేసరికి దాని మీద మట్ట పడి మూత రెండు ముక్కలు. దండం పెట్టి ఆ ఆలోచన మానుకున్నాను. పనసకి రెండు, గోడ పక్క నడిచే దారికి ఆరు.

రంగు 3000 కెల్విన్, పసుపు ఛాయ. మొన్న వాన వెలిసిన సాయంత్రం వరండా ట్యూబ్‌లైటు చుట్టూ ఉసుళ్లు ముసిరి, అన్నం కంచాలు లోపలికి తెచ్చుకోవాల్సి వచ్చింది. పసుపు వెలుగుకి పురుగులు తక్కువ వస్తాయి, అసలు రావని కాదు. లైటులోకి దుమ్ము, నీరు ఎంతవరకు చొరబడవో చెప్పేది ఐపీ రేటింగ్. నేల మట్టానికుండే లైట్లకి ఐపీ65 చాలదు, అది చిమ్మే నీటిని ఆపుతుందంతే. మాకు వానకి దారి మునుగుతుంది కాబట్టి ఐపీ67 తీసుకుంటున్నాను. అతుకులన్నీ నేలకి జానెడు పైన, గోడకి బిగించిన పెట్టెల్లో.

తవ్వాల్సిన దారంతా నిన్న సాయంత్రం ముగ్గుపిండితో గీశాను. పొద్దున్నకి కోళ్లు సగం చెరిపేశాయి.