వాక్లెల్లా జలపాతం దారిలో మా చిట్టి తీసిన పరువు

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. బురద బూట్లు గరాజ్‌లోనే ఉన్నాయి. మా కుక్క చిట్టి సోఫా పక్కన పడి గురక పెడుతోంది. ఇవాళ లటోరెల్ జలపాతం చుట్టూ ఉన్న దాదాపు రెండున్నర మైళ్ల దారి, ఒక్క మొరుగు లేకుండా నడిచి వచ్చాం. మామూలు కుక్కలున్నవాళ్లకి ఇందులో గొప్పేముందో అర్థం కాదు. మాకు ఏడు నెలలు పట్టింది.

మేముండేది అమెరికాలో ఒరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో. చిట్టిని షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. ఇంట్లో వెన్నముద్ద. బయట ఇంకో కుక్క కనబడిందా, వెనక కాళ్ల మీద లేచి, మన చేతిలోని తాడు, అదే లీష్, తెగేట్టు దూకి, వీధి అదరగొడుతుంది. ఇక్కడ ఇలాంటివాటిని రియాక్టివ్ డాగ్స్ అంటారు. మా దానిది వట్టి భయం. ఎదుటి కుక్క దగ్గరికి రాకముందే తరిమెయ్యాలని దాని తాపత్రయం. ట్రైనింగ్ పెట్టిస్తున్నామని ఫోన్లో చెబితే తెనాలి నుంచి మా అమ్మ, "కుక్కన్నాక మొరక్కుండా ఉంటుందిటే? దానికో మాస్టారా?" అంది.

మొదటి మాస్టారు దండగే. లోపలివైపు ఇనప ముళ్లుండే పట్టీ మెడకేసి గుంజమన్నాడు. రెండు వారాలకి దానికి కుక్కలంటే ఉన్న భయానికి తోడు నేనంటే భయం కూడా పట్టుకుంది. ఎవరైనా ఆ పట్టీ చూపిస్తే లేచి వచ్చెయ్యండి, కట్టిన డబ్బు గురించి కూడా ఆలోచించకండి. రెండో ట్రైనర్ ఆవిడ మటుకు బంగారం. వేరే కుక్క కనబడినా ఇది ఇంకా మొరగకుండా ఉండగలిగే దూరం ఎంతో ముందు కనిపెట్టమంది. మా చిట్టికి నలభై అడుగులు. అంత దూరంలో నిలబడి, అది ఇంకో కుక్కని చూసిన ప్రతిసారీ నోట్లో ఒక చికెన్ ముక్క పెట్టాలి. కుక్క కనబడితే చికెన్ వస్తుందని దాని బుర్రకెక్కాలి. మూడు నెలలు పార్కింగ్ లాట్లలో అదే పని. మన ఎద్దుల మూతికి చిక్కం కట్టినట్టు దీనికీ ఒకటి కొన్నాం, నోరు తెరవడానికి, నీళ్లు తాగడానికి వీలుండేది. లోపల పీనట్ బటర్ రాస్తే వారంలో అలవాటైపోయింది.

నాకేమో జలపాతాల పిచ్చి. ముందు సిల్వర్ ఫాల్స్ స్టేట్ పార్క్‌కి వెళ్లాం. పది జలపాతాలు చూపించే లోయ దారిలోకి కుక్కల్ని రానివ్వరని అక్కడి బోర్డు చూశాక తెలిసింది. ముందే చదువుకోకపోవడం నా తప్పే. పైన లోయ అంచు వెంట వెళ్లే రిమ్ ట్రైల్‌లో తిప్పి తీసుకొచ్చాం.

ఇక జూన్‌లో శనివారం, పొద్దున పదకొండింటికి, వాక్లెల్లా జలపాతం. ఈ వాక్యంలో ఎన్ని తప్పులున్నాయో ఇప్పుడైతే నేనే లెక్కపెట్టి చెప్తాను. ఐ-84 హైవే మీద నలభయ్యో ఎగ్జిట్, పార్కింగ్‌కి అయిదు డాలర్ల పాస్. మొదట్లో టానర్ క్రీక్ పక్కనే వెడల్పాటి కంకర రోడ్డు, చిట్టి రాజకుమారిలా నడిచింది. మా ఆయన వీడియో కూడా తీశాడు. మున్రా జలపాతం పక్కన చెక్క వంతెన దాటాక దారి సన్నబడింది. ఒకవైపు కొండ, ఇంకోవైపు కింద వాగు. పక్కకి తప్పుకోవడానికి జాగా లేదు. పైగా నీళ్ల హోరు. నేను "పద" అంటే దానికి వినపడదు, ఎదురుగా ఎవరొస్తున్నారో మాకు వినపడదు.

మలుపు తిరిగి ఒక గోల్డెన్ రిట్రీవర్ వచ్చింది. లీష్ లేదు. వెనక ఎక్కడి నుంచో ఒక గొంతు, "డోంట్ వర్రీ, హి ఈజ్ ఫ్రెండ్లీ!"

ఈ మాట అనేవాళ్ల మీద నాకున్న కోపం చెప్పాలంటే ఇంకో రోజు కావాలి. మీ కుక్క మంచిదేనండీ, కాదన్నదెవరు? పరిగెత్తుకొచ్చి మా దాని మొహంలో మొహం పెట్టాక దాని మంచితనంతో మాకేం పని? ఒరెగన్ స్టేట్ పార్కుల్లోనైతే లీష్ ఆరడుగులు మించకూడదని రూలే ఉంది. మీ చేతికి లీష్ బరువైతే ఇంటి దగ్గర పెరట్లో వదులుకోండి.

చిట్టి పేలింది. నా మోకాలు రాయికి కొట్టుకుంది, నడుముకున్న సంచీ తెరుచుకుని చికెనంతా దారి మీద పడింది. ఆ గోల్డెన్ నింపాదిగా మా చికెన్ తినడం మొదలుపెట్టింది. ఇంతలో మా వెనక నడుస్తున్న ఒక కుటుంబం వచ్చి ఆగిపోయింది. అందులో ఒక పెద్దావిడ, పంజాబీ డ్రెస్సు, స్పోర్ట్స్ షూస్, తెలుగులో స్పష్టంగా అంది: "మూతికి చిక్కం కట్టారంటే కరిచేదేగా. పెంచడం చేతకానివాళ్లకి కుక్కలెందుకో!"

నేను పలకలేదు. పలికే స్థితిలో లేను. అప్పుడే చిట్టి వెనక కాలు అంచు మీద జారింది. "ఆగవే! నా తల్లీ, ఆగవే!" అని నా నోట్లోంచి గట్టిగా తెలుగే వచ్చింది. దాని ఒంటికి కట్టిన హార్నెస్ పట్టుకుని లాగి రెండు చేతులా వాటేసుకున్నాను. నా గుండె కొట్టుకుంటోంది, దాని గుండే కొట్టుకుంటోంది. వెనక అంతా నిశ్శబ్దం. కాసేపటికి అదే గొంతు, చాలా మెత్తగా: "తెలుగువాళ్లా అమ్మా? మీదే ఊరు?"

బురదలో కూలబడి, కళ్లనీళ్లతో, చెవి పక్కన కుక్క మొరుగుతుంటే, "తెనాలండీ" అన్నాను. మా కోడలి వాళ్లది చీరాల అందావిడ. కోడలు పాపం తల దించుకుంది. గోల్డెన్ యజమాని మాత్రం, మీ దానికి ట్రైనింగ్ ఇప్పించండని ఒక సలహా పడేసి పోయాడు. జలపాతం చూడకుండానే వెనక్కి తిరిగాం.

కారులో మా ఆయన ఇంక హైకులు మానేద్దామన్నాడు. ట్రైనర్ మాత్రం ముందు మూడు రోజులు వాకింగే వద్దంది. ఇంత టెన్షన్ పడ్డాక కుక్క ఒంట్లోంచి అది దిగడానికి రోజులు పడుతుందట, పెరట్లో వాసనలు చూసుకోనివ్వమంది. తరవాత పిలుపు మార్చాం. నీళ్ల హోరులో మాట పనిచెయ్యదు కాబట్టి భుజం మీద రెండుసార్లు తడితే వెనక్కి తిరగాలి. ఇది నేర్పడానికే వేసవంతా అయిపోయింది. శనాదివారాలు మానేశాం. మల్ట్‌నోమా జలపాతం మాట ఎత్తకండి. 620 అడుగుల అందం, ఒప్పుకుంటాను. కానీ అక్కడి బెన్సన్ వంతెన పొడవు నలభై అయిదు అడుగులు, మాకు కావలసిన దూరమే నలభై. మధ్యలో సెల్ఫీల జనం.

ఇవాళ మంగళవారం, వాన. సెలవు పెట్టి ఏడున్నరకి లటోరెల్ చేరాం. ఇంకో కారు ఒక్కటే ఉంది. పసుపుపచ్చ నాచు పట్టిన నల్లరాతి స్తంభాల ముందు నుంచి నీళ్లు సూటిగా పడుతుంటే పది నిమిషాలు నిలబడి చూశాం. పై జలపాతం దాటి దిగుతుంటే ఎదురుగా ఒక పెద్దాయన, లీష్‌తో ముసలి లాబ్రడార్. దగ్గరికి రావద్దని గుర్తుగా చిట్టి లీష్‌కి కట్టిన పసుపు రిబ్బన్ చూశాడో ఏమో, మేం అడగకుండానే దూరంగా పొదల్లోకి తప్పుకుని, కుక్కకి అడ్డంగా నిలబడ్డాడు. చిట్టి ఆగింది. లాబ్రడార్‌ని చూసింది. తిరిగి నా జేబు వంక చూసింది.

దారి పొడుగునా పెట్టగా మిగిలిన చికెనంతా అక్కడే పెట్టేశాను.

సిగ్నల్ దొరకగానే అమ్మకి ఫోన్ చేసి, కుక్క ఎదురొచ్చినా చిట్టి మొరగలేదని చెప్పాను. "ఒంట్లో బాగాలేదేమోనే, డాక్టర్‌కి చూపించు" అంది.