ఇంట్లో చేసిన ఆంప్లిఫయర్‌లో హమ్మింగ్ పోగొట్టాను: నా అనుభవం

నా ఆంప్లిఫయర్‌లో హమ్మింగ్ నిన్న రాత్రి పోయింది. అందులో ఉన్నవి శబ్దాన్ని పెంచే రెండు టీడీఏ2030ఏ ఐసీలు (చిప్పులు), మధ్యలో సున్నా వోల్టుల తీగ (సెంటర్ ట్యాప్) ఉన్న 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును నిలకడ చేసే రెండు 4700 మైక్రోఫారాడ్ కెపాసిటర్లు. సోల్డరింగ్, క్యాబినెట్ పని సాఫీగానే అయిపోయాయి. ఆన్ చేస్తే పాటకంటే ముందు జుయ్యిమని మోత. వాల్యూమ్ సున్నాకు తిప్పినా, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌తో (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల వైరుతో) షార్ట్ చేసినా తగ్గలేదు. అంటే ఫోనుదీ కాదు, ఆడియో వైరుదీ కాదు.

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక షాపుకు తీసుకుపోయాను. ఆయన మూత కూడా విప్పలేదు. "తమ్మీ, ఇంట్ల చేసినయి గిట్లనే మోగుతయ్. కంపెనీది కొనుక్కో" అన్నాడు, అందరి ముందు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా ఫిల్టర్ చాలట్లేదని 10000 మైక్రోఫారాడ్ కెపాసిటర్లు అంటగట్టాడు. వేసి చూస్తే మోత ఇంకా పెరిగింది! ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసెయ్యమని ఇంకో ఉచిత సలహా. ఇలాంటి మాట చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు ఇనుప క్యాబినెట్‌కు 230 వోల్టులు వస్తాయి. దాన్ని ముట్టుకునేది ఇంట్లో పిల్లలైతే?

ఇంటికొచ్చి ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి ఇయర్‌ఫోన్లో పోల్చి చూశాను. మోత 50 హెర్ట్జ్‌కు కాదు, 100కు కలిసింది. మన కరెంటు 50 హెర్ట్జే. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి దాటాక కెపాసిటర్లు సెకనుకు 100 సార్లు చార్జ్ అవుతాయి. దొంగ అక్కడే దొరికాడు. బోర్డుతో వచ్చిన డయాగ్రాంలో సెంటర్ ట్యాప్ నుంచి కెపాసిటర్లకు పోయే వైరు మధ్యలో బోర్డు గ్రౌండ్ కలపమని గీశారు. చార్జింగ్ కరెంటు ఒక్కో దెబ్బగా పోయేది ఆ వైరులోనే. అందులో పుట్టే కాస్త వోల్టేజీ కూడా ఐసీ పాటతో పాటే పెంచేస్తుంది. కెపాసిటర్ పెద్దదైతే ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది.

ప్లగ్గు తీసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి, రెండింటి గ్రౌండ్ కాళ్ళను పొట్టి మందపు వైరుతో కలిపాను. ట్యాప్‌ను అక్కడికే తెచ్చాను. అక్కడి నుంచి ఒక్క వైరు పక్కకు తీసి, స్పీకర్, బోర్డు, ఇన్‌పుట్ గ్రౌండ్‌లను దాని చివర వేరువేరుగా కలిపాను. మోత మాయం. పాత 4700లే మళ్ళీ వేశాను. మీరు చేసేటప్పుడు ముందు ఈ వైరే చూడండి, ట్రాన్స్‌ఫార్మర్ మార్చమంటే వినకండి. ఆ పెద్ద కెపాసిటర్లు షాపాయన వెనక్కి తీసుకోనన్నాడు కాబట్టి మా బావ సబ్‌వూఫర్‌లో వాడుతున్నాను. దాని వైరింగ్ కూడా నేనే చేస్తున్నాను.