గీకినా దొరకని పురుగు

మా చిట్టికి పట్టింది గజ్జి అని చెప్పింది మైక్రోస్కోప్ కాదు, మా అమ్మ ముంజేతి మీద లేచిన ఎర్రటి పొక్కులు.

చిట్టి నాటుకుక్క. చెన్నై పెరంబూర్‌లో మా వీధిలోనే పుట్టి మా ఇంటికి చేరింది. వానలు వెనకబట్టేసరికి గోక్కోవడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు మరీ ఘోరం, కునుకు పట్టిందనుకునేలోపే లేచి వెనక కాలితో చెవి గోక్కునేది. చెవుల అంచులు మందమై పొట్టు కట్టాయి. ఆ తర్వాత మోచేతుల దగ్గర, పొట్ట కింద బొచ్చు ఊడిపోయింది. దగ్గర్లోని క్లినిక్‌లో అలర్జీ అని స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్నాళ్లు హాయిగా పడుకుంది. మందు బలం తగ్గగానే దురద రెట్టింపైంది. స్టెరాయిడ్ దురదను అణుస్తుందే గానీ గజ్జి తెచ్చే పురుగును చంపదు, పైగా ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమని వీధిలో చాలామంది చెప్పారు. ఒళ్లంతా నాక్కునే జంతువుకు అది విషం. నేను ఒప్పుకోలేదు.

చివరికి వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. 1903లో మొదలైన కాలేజీ అది. డాక్టర్ గారు చిట్టిని ముట్టుకోకముందే అమ్మను అడిగారు, "ఇంట్లో ఎవరికైనా దురద ఉందామ్మా?" అని. అమ్మ చెయ్యి చాపింది. ఆయన తలూపి, చిట్టి చెవి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా రుద్దారు. అంతే, దాని వెనక కాలు దానంతటదే గాల్లో గోకడం మొదలుపెట్టింది! ఇది చాలావరకు సార్కాప్టిస్ అనే పురుగు వల్ల వచ్చే గజ్జి లక్షణమట.

తర్వాత బ్లేడుకు లిక్విడ్ పారఫిన్ రాసి, చర్మం కొద్దిగా ఎర్రబడేదాకా నాలుగైదు చోట్ల గీకి స్లైడ్ మీద పెట్టి చూశారు. ఏమీ కనబడలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. మళ్లీ అలర్జీ అంటారేమోనని. ఆయన మాత్రం నిమ్మళంగా చెప్పారు: ఈ పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, చర్మంలో సొరంగం తవ్వుకుని ఉంటుంది, కొద్ది పురుగులే ఉన్నా దురద విపరీతం. గీకినప్పుడు దొరకడం కన్నా దొరకకపోవడమే ఎక్కువ. దొరికితే రోగం ఖాయం, దొరక్కపోతే లేదని కాదు. ఇంకో రకం గజ్జి డెమోడెక్స్ అనే పురుగు వల్ల వస్తుంది. అది వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది, మనుషులకు అంటదు, చర్మం నొక్కి లోతుగా గీకితే సాధారణంగా సులువుగానే కనబడుతుంది. చిట్టికి అదీ లేదు. అందుకే సార్కాప్టిస్ అనుకునే మందు మొదలుపెట్టారు.

బరువు చూసి, పురుగులను చంపే ఐసాక్సాజోలిన్ రకం మాత్ర రాశారు, నెలకొకటి. ఇదివరకెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగారు, ఎందుకంటే ఆ చరిత్ర ఉన్న కుక్కలకు ఈ మందు జాగ్రత్తగా వాడాలి. ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు చవకే గానీ కోలీ లాంటి కుక్క జాతుల్లో ప్రాణం మీదకు తెస్తుందట. గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేదాకా సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, దురద తగ్గగానే మందు ఆపకూడదన్నారు. చీము పట్టినచోట్లకు యాంటీబయాటిక్, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ. నురుగు ఒంటి మీద పది నిమిషాలు ఉండాలి. ఆ పది నిమిషాలూ అమ్మ బాత్రూంలో చిట్టితో కబుర్లు చెబుతూ కూర్చునేది. పక్క గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికాం.

మొదటి మాత్ర పడ్డాక కూడా కొన్నాళ్లు గోక్కుంది. చచ్చిన పురుగులకూ ఒళ్లు అలా స్పందిస్తూనే ఉంటుందని ముందే చెప్పారు గనక ధైర్యంగా ఉన్నాం. తర్వాత ఒకరోజు చెవి అంచును తడిమితే పొట్టు రాలి, కింద నున్నటి చర్మం మీద సన్నటి కొత్త బొచ్చు చేతికి తగిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుక్క పురుగు మనిషి ఒంటి మీద సంతానం పెంచుకోలేదు కాబట్టి అమ్మ పొక్కులు కాలమైన్ లోషన్‌తోనే మానిపోయాయి.

చిట్టితో ఆడుకునే వీధికుక్కకూ డాక్టర్ గారిని అడిగి, ఉడికిన గుడ్డులో పెట్టి మాత్ర వేశాం, లేకపోతే దాని నుంచి మళ్లీ అంటుకుంటుంది. చివరి ఇంటి దగ్గర ఇంకో రెండు గోక్కుంటూ కనిపిస్తున్నాయి. అవి మనిషిని దగ్గరకు రానివ్వవు. బరువు తెలియకుండా వాటికి మందెలా వేయాలో ఈసారి వేపేరి వెళ్లినప్పుడు అడగాలి.