కోడిలో ఎర్ర బటన్: రంగులరాట్నం దాకా వచ్చాను

కంప్యూటర్లో టీవీ, సినిమాలు చూసే కోడి (Kodi) అనే సాఫ్ట్‌వేర్‌లో నిన్న రాత్రి మొదటిసారి రిమోట్ మీది ఎర్ర బటన్ నొక్కగానే ఛానల్ పంపే సమాచార పేజీ తెర మీదకు వచ్చింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, బొమ్మ సగమే వచ్చింది. అయినా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మరిచిపోకముందే ఇక్కడిదాకా ఎలా వచ్చానో రాసిపెడుతున్నాను.

బ్రిటన్‌లో యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ఫ్రీవ్యూ ఛానళ్లలో వీడియోతో పాటు ఎంహెగ్-5లో రాసిన చిన్న ప్రోగ్రాములు కూడా ప్రసారమవుతాయి. ఈ ప్రమాణం 1997 నాటిది. మిత్‌టీవీ అనే టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రోగ్రాములను నడిపే ఇంజిన్ ఎప్పటి నుంచో ఉంది. నేను రోజూ వాడే కోడిలో లేదు, అందుకే ఈ పని పెట్టుకున్నాను.

మొదటి వారమంతా తప్పు ఫైలుతో పోయింది. ఒక్క ఛానల్ రికార్డు చేస్తే నా సర్వర్ వీడియో, ఆడియో, సబ్‌టైటిళ్లు మాత్రమే ఉంచి మిగతా పిడ్‌లన్నీ (ప్రసారంలో నంబరుతో గుర్తించే విడివిడి ధారలు) తీసేస్తుంది. మనకు కావలసిన డేటా ఆ తీసేసిన వాటిలోనే ఉంటుంది. కాబట్టి మక్స్ మొత్తం, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి వచ్చే ఛానళ్లన్నిటినీ రికార్డు చేసుకోవాలి. సెకనుకు 24 మెగాబిట్ల మక్స్ నిమిషానికి 180 ఎంబీ తింటుంది, పది నిమిషాలకు సుమారు 1.8 జీబీ. ఆ తర్వాత పీఎంటీలో (ఛానల్‌కు ఏయే పిడ్‌లు ఉన్నాయో చెప్పే పట్టిక) స్ట్రీమ్ టైప్ 11 ఉన్న పిడ్ ఎక్కడుందో చూడాలి. ప్రసార డేటాను విప్పి చూపే టీఎస్‌డక్ అనే సాధనంతో ఇది రెండు నిమిషాల పని.

అసలు కథ ఆ పిడ్ లోపల మొదలవుతుంది. సెట్‌టాప్ బాక్సు ‘ఫలానా ఫైలు పంపు’ అని అడగడానికి వీల్లేదు, ప్రసారం ఒకవైపే కదా. అందుకే ఫైళ్లన్నిటినీ ముక్కలు చేసి ఆపకుండా తిప్పి తిప్పి పంపుతారు. దీన్ని కెరూసెల్ అంటారు, అంటే మన రంగులరాట్నమే. కావలసిన గుర్రం దాటిపోయిందా, మళ్లీ చుట్టు తిరిగొచ్చేదాకా ఆగాల్సిందే. ఎర్ర బటన్ పేజీలు అంత నిదానంగా ఎందుకు తెరుచుకుంటాయో అప్పుడు అర్థమైంది.

ఆ పిడ్‌లో వచ్చే టేబుల్ 59లో ఏ మాడ్యూల్ (ఫైళ్ల మూట) ఎన్ని బైట్లో, ఎంతెంత ముక్కలో ఉంటుంది. ముక్కలు టేబుల్ 60లో వస్తాయి. నా ఫైల్లో బ్లాక్ సైజు, అంటే ఒక్కో ముక్క పరిమాణం, 4066 బైట్లు. ఈ వింత అంకె ఎక్కడిదా అని కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో ముక్క వచ్చే పొట్లాన్ని సెక్షన్ అంటారు, అది గరిష్ఠంగా 4096 బైట్లు. అందులో సెక్షన్ హెడర్‌కు 8, సందేశం హెడర్‌కు 12, మాడ్యూల్, వెర్షన్, బ్లాక్ నంబర్ల భాగానికి 6, చివర తప్పులు పట్టుకునే సీఆర్‌సీకి 4 పోతాయి. మిగిలేది సరిగ్గా 4066! 10,000 బైట్ల మాడ్యూల్ అయితే రెండు నిండు బ్లాకులు, ఒక 1868 బైట్ల తోక. ఆ తోకను కూడా 4066 అనుకుంటే చివర చెత్త చేరుతుంది.

నన్ను నాలుగు రోజులు ఏడిపించింది వేరే. మాడ్యూళ్లు కుదించి వస్తాయి, ముక్కలన్నీ చేరినా వాటిని విప్పే జెడ్‌లిబ్ ఒక్కోసారి విప్పేది, ఒక్కోసారి విప్పేది కాదు. వార్తల పేజీ మారినప్పుడు మాడ్యూల్ నంబర్ అదే ఉండి వెర్షన్ మాత్రం పెరుగుతుంది. నేను నంబర్ ఒక్కటే చూసి ముక్కలు దాచుకోవడంతో పాతవీ కొత్తవీ కలిసిపోయేవి. ఇప్పుడు నంబర్, వెర్షన్ రెండూ కలిపి చూస్తున్నాను, వెర్షన్ మారితే పాత ముక్కలు పారేస్తున్నాను. అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. ఇలాంటిది ఎవరైనా మొదలుపెడితే ముందు ఈ భాగాన్ని గట్టి చేసుకోండి, తెర మీద గీయడం తర్వాత చూసుకోవచ్చు.

విప్పాక ‘a’ అనే ఒంటి ఇంగ్లిష్ అక్షరం పేరుతో ఫైలు కనిపించింది. ప్రోగ్రాము మొదలయ్యేది అక్కడే. రిమోట్ మీటలకు ఎర్ర 100, ఆకుపచ్చ 101, పసుపు 102, నీలం 103 అని పంపిస్తే చాలు, అది వెంటనే కుదిరింది.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడటానికి కారణం ఫాంట్. పేజీలన్నీ 720 ఇంటూ 576 పిక్సెళ్ల తెరకు, టైరీసియస్ అనే ఫాంట్ అక్షరాల వెడల్పుకు లెక్కగట్టి రాసినవి. కోడి ఫాంట్ పెడితే వరుస తప్పు చోట విరుగుతుంది. ఈ ఉదయం కొలతలు దగ్గరగా ఉన్న ఇంకో ఫాంట్ పెట్టాను, శీర్షికలు సర్దుకున్నాయి.

సగం బొమ్మ సంగతి ఇంకా తేలలేదు. పేజీ తెరిచినప్పుడు వీడియోను మూలకు కుదించడం కూడా మిగిలి ఉంది. ఈ వారాంతం ముందు బొమ్మ పట్టుకుంటాను.